పటాకులు పేల్చే బండికి వైద్యం

దీపావళి కాదు, పెళ్లి బరాత్ అంతకన్నా కాదు. అయినా రాత్రి పదింటికి శాలిబండ ఎత్తు దిగే రోడ్డు మీద ‘ఢాం... ఢాం’ అని వినిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. పాతబస్తీ వాళ్లు మాత్రం “ఎవడిదో బుల్లెట్” అని దుప్పటి కప్పుకుంటారు. ఈమధ్య వరకూ ఆ ‘ఎవడిదో’ జాబితాలో నా బండి కూడా ఉండేది.

నాది కార్బొరేటర్ కాలపు 350 సీసీ బుల్లెట్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత యజమాని దాన్ని ముద్దుగా కస్టమ్ చేయించుకున్నాడు. సీటు పొట్టి, హ్యాండిల్ వెడల్పు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, గుండ్రటి స్పాంజ్ ఫిల్టర్ పెట్టించాడు. కంపెనీ సైలెన్సర్ స్థానంలో మూరెడు పొడవున్న పొట్టి పైపు వచ్చింది. చూడ్డానికి బండి రాజాలా ఉండేది. యాక్సిలరేటర్ వదిలితే చాలు, తుపాకీ పేలినట్టే!

లాల్‌దర్వాజాలో మా పక్కింటి పెద్దమ్మకు గుండె ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చిన రెండో రోజు వాళ్లబ్బాయి వచ్చి, “అన్నా, ఏమనుకోకు. నువ్వొచ్చినప్పుడల్లా అమ్మ అదిరి పడుతోంది” అన్నాడు. అతను గొడవ పడితే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని. అంత నెమ్మదిగా చెప్పేసరికి నోట మాట రాలేదు. ఆ రోజు నుంచి సందు మొదట్లోనే ఇంజిన్ ఆపి, బండి తోసుకుంటూ ఇంటికి చేరేవాణ్ని. బండి అమ్మెయ్యాలా, బాగు చేయించాలా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది.

అసలు ఎందుకు పేలుతుంది?

శాలిబండలో ముప్పై ఏళ్లుగా బుల్లెట్లే బాగుచేసే ఉస్తాద్ ఒకాయన ఉన్నారు. బండి స్టార్ట్ చేయకుండానే పైపు చూసి నవ్వారు. “పైప్ మార్చిండ్రు, ఫిల్టర్ మార్చిండ్రు. జెట్ మాత్రం మార్చలే. అన్నం పెట్టకుండ ఊపిరి మాత్రం గట్టిగ పీల్చమంటే ఎట్ల భాయ్?” అన్నారు.

ఆ ఒక్క మాటలోనే అసలు విషయం ఉంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. స్పాంజ్ ఫిల్టర్, ఖాళీ పైపు పెడితే ఇంజిన్‌లోకి గాలి సులువుగా వస్తుంది. జెట్ పాతదే కాబట్టి పెట్రోలు ఆ మేరకు పెరగదు. దీన్నే మెకానిక్కులు ‘లీన్’ అంటారు. యాక్సిలరేటర్ మూసినప్పుడు పరిస్థితి ఇంకా ముదురుతుంది. అప్పుడు పెట్రోలు చిన్నదైన పైలట్ జెట్ నుంచే రావాలి. అది చాలకపోతే సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోదు. కాలని పెట్రోలు ఆవిరి వేడి పైపులోకి పోతుంది. అక్కడ ఏ సందులోంచో బయటి గాలి తగిలిందా... ఢాం!

పేలుడు వల్ల వచ్చే నష్టం చెవులతో పోదు. ఎప్పుడూ లీన్‌గా నడిచే ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది, పిస్టన్‌కూ ముప్పే.

దీనికి ఇప్పుడు పెట్రోల్ కూడా తోడైంది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఈ మిశ్రమానికి కిలోకు సుమారు 13.5 కిలోల గాలి సరిపోతుంది. ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్లు ఆ లెక్క చూసుకుంటాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రాకముందు తయారైన కార్బొరేటర్ బండికి ఆ తెలివి లేదు. పాత జెట్‌తోనే నడిపితే అది మరికాస్త లీన్ అవుతుంది.

ముందు చెవి, తర్వాత పానా

ఉస్తాద్ మొదట పానా పట్టలేదు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని చార్మినార్ వైపు ఒక చుట్టు తిప్పారు. శబ్దం ఎప్పుడొస్తుందో వినడమే సగం వైద్యమట. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక పైపులో పేలితే పైపు లీకు, లేదా పైలట్ జెట్ చాలకపోవడం. యాక్సిలరేటర్ తిప్పగానే కార్బొరేటర్‌లోంచి తుమ్మినట్టు వస్తే పెట్రోలు చాలకపోవడమో, టైమింగ్ తప్పడమో, ఇన్‌లెట్ వాల్వు సరిగ్గా మూసుకోకపోవడమో. వేళాపాళా లేకుండా పేలుతుంటే ప్లగ్, పాయింట్లు, కాయిల్ చూడాలి. నాది మొదటి రకం.

తర్వాత సబ్బు నీళ్లు తెప్పించారు. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, సిలిండర్ హెడ్‌లోకి బెండ్ పైపు దూరే చోట పోశారు. బుడబుడ నురగ లేచింది. ఆ అతుకు చుట్టూ మసి కూడా కనిపించింది. లీకు అక్కడే! ప్యాకింగ్ మార్చి, క్లాంపు బిగించగానే సగం పేలుళ్లు పోయాయి. కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న రబ్బరు కూడా చూశారు. అది పగిలినా గాలి దొంగతనంగా లోపలికి పోతుంది.

మూడోది కార్బొరేటర్. విప్పి, జెట్లు పెట్రోల్‌తో కడిగి గాలి కొట్టారు. సన్నటి తీగతో పొడవబోయిన కుర్రాణ్ని కసిరారు. ఇత్తడి మెత్తటిది, రంధ్రం పెద్దదైతే లెక్కంతా తప్పుతుంది. ఇంజిన్ పది నిమిషాలు వేడెక్కాక గాలి స్క్రూను పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్లు బయటికి తీశారు. అక్కణ్నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ హాయిగా, వేగంగా తిరుగుతుందో విన్నారు. నా బండికి ఆ చోటు ఒక చుట్టు కూడా దాటలేదు. అంటే పైలట్ జెట్టే చిన్నది. ఒక సైజు పెద్దది వేశారు. లోపలి సూదికి ఉన్న క్లిప్‌ను ఒక గాడి కిందికి దింపారు. అలా చేస్తే సూది పైకి లేచి, మధ్య వేగంలో పెట్రోలు పెరుగుతుంది.

ఇక్కడో జాగ్రత్త. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేసేది. లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పాలి. ఈ తేడా తెలియక తిప్పేవాళ్లు జబ్బును పెంచుకుంటారు.

పైపు సంగతేమిటి?

పేలుళ్లు పోయి చిన్న ‘టుప్ టుప్’ మిగిలింది. కానీ పైపు మోత అలాగే ఉంది. “గింతే భాయ్. ట్యూనింగ్‌తోని పటాకులు పోతయ్, లొల్లి పోదు. లోపల జాలీ లేని పైప్ అది. పోలీసోళ్లు పట్టుకుంటే నేను జవాబియ్య” అన్నారు ఉస్తాద్.

ఆయన మాట నిజమే. 175 సీసీ దాటిన మోటార్ సైకిల్‌కు తయారీ దశలో ధ్వని పరిమితి 80 డెసిబెల్స్. శబ్దం, పొగ నిబంధనలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారే రూ.10 వేల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. లైసెన్సు కూడా 3 నెలలు పోతుంది. పట్టుకున్న సైలెన్సర్లను మన ట్రాఫిక్ పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు టీవీల్లో చూసే ఉంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి మీదుగా వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించేందుకు నిబంధనలున్నాయి. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు.

కంపెనీ రకం సైలెన్సర్ బిగించమన్నాను. పైపు మారింది కాబట్టి ట్యూనింగ్ మళ్లీ చూడాల్సి వచ్చింది. జాలీ ఉన్న సైలెన్సర్ పొగను కొంచెం ఆపుతుంది, కాబట్టి ముందంత పెట్రోలు అక్కర్లేదు. సూది క్లిప్ పాత గాడికే వెళ్లింది. రెండు రోజులు నడిపాక ప్లగ్ విప్పి చూస్తే లేత గోధుమ రంగులో ఉంది. తెల్లగా ఉంటే లీన్, నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ అని అర్థం.

మీ బండి కూడా పేలుతోందా?

* ఖర్చు లేని పనులు ముందు: పైపు అతుకు, రబ్బరు, ప్లగ్ చూడండి. జెట్ మార్చడం చివరి పని.
* ఒకసారి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.
* ట్యాపెట్లు, పాయింట్లు సరిగా లేకుండా కార్బొరేటర్ ముట్టుకోవద్దు.
* కొంతమంది కుర్రాళ్లు నడుస్తున్న బండికి కిల్ స్విచ్ నొక్కి వదిలి కావాలని పేలుస్తుంటారు. దానివల్ల సైలెన్సర్ పగలొచ్చు, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే అది పాడవుతుంది.
* బండి వదిలినప్పుడు అప్పుడప్పుడూ సన్నగా ‘టుప్’ మంటే కంగారు పడక్కర్లేదు. కార్బొరేటర్ బండికి అది మామూలే.

ఇప్పుడు మా సందులోకి ఇంజిన్ ఆన్‌లోనే వస్తున్నాను. బుల్లెట్‌కు ఉండాల్సిన ‘డగ్ డగ్’ ఉంది, అంతకు మించి లేదు. మొన్న పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, “ఏం బిడ్డా, బండి అమ్మేసినవా? సప్పుడే లేదు!” అని అడిగింది. ఉస్తాద్‌కు ఈ మాట చెప్పాను. ఇచ్చిన డబ్బుల కన్నా దానికే ఎక్కువ మురిసిపోయారు.