అమెరికాలో రైలుపెట్టెల నిర్మాణము

రైలుప్రయాణము చేయువారు ఇంజనును గూర్చి యడుగుదురు గాని, తాము కూర్చున్న పెట్టె యెచ్చట తయారైనదో సాధారణముగా నడుగరు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నొకప్పుడీ ప్రశ్నకు జవాబు సులభము. చికాగోలోని పుల్మన్, ఫిలడెల్ఫియాలోని బడ్, సెంట్ లూయిస్ కార్ కంపెనీ, అమెరికన్ కార్ అండ్ ఫౌండ్రీ అను స్వదేశీయ కంపెనీలే ఆ పెట్టెలలో మిక్కిలి భాగమును నిర్మించుచుండెను. నేడు వానిలో నొక్కటియు ప్రయాణికుల పెట్టెలను చేయుట లేదు. ఇది యెట్లు జరిగెనో మా చదువరులకు, విశేషించి యంత్రవిద్య నభ్యసింపగోరు బాలురకును బాలికలకును, వివరింప దలంచితిమి.

జార్జి పుల్మన్ 1867 లో కంపెనీని స్థాపించి, పడకలుగల పెట్టెలను నిర్మించి ప్రఖ్యాతి గాంచెను. 1880 లో చికాగోకు దక్షిణమున గొప్ప కర్మాగారమును, దానిచుట్టు పనివాండ్రకొక పట్టణమును కట్టింప మొదలిడెను. ఆ పట్టణములోని యిండ్లును దేవాలయమును సైతము కంపెనీ సొత్తే. కూలి తగ్గించి యింటియద్దె తగ్గింపనందున 1894 లో నచ్చట గొప్ప సమ్మె జరిగెను. కావున గతకాలమంతయు స్వర్ణయుగమని మేము చెప్పము. పనితనము మాత్రము నిస్సంశయముగా గొప్పది.

బడ్ కంపెనీ నేర్పు మఱింత విచిత్రమైనది. తుప్పుపట్టని యుక్కు రేకులను మామూలుగా కాల్చి యతికినచో, ఆ వేడికి అతుకు చెంత దాని గుణము చెడి తుప్పు పట్టును. వీరు మిక్కిలి బలమైన విద్యుత్తును క్షణములో స్వల్పభాగము మాత్రమే ప్రసరింపజేసిరి. వేడి హాని చేయకమునుపే రేకులు కలిసిపోయెడివి. ఈ విధమున నిర్మించిన జెఫిర్ అను రైలు 1934 మే 26 న డెన్వరునుండి చికాగో వఱకు వేయికి పైబడిన మైళ్లను ఇంచుమించు 13 గంటలలో, నడుమ నాగక, పరుగెత్తెను.

ఇట్టి నేర్పరులేల యోడిపోయిరి? 1956 శాసనమువలన దేశమంతట విశాలమైన మోటారురోడ్లు వ్యాపించెను. దూరప్రయాణికులను విమానములు కొనిపోయెను. 1967 లో తపాలాశాఖ తన టపాను పెక్కు రైళ్లనుండి తొలగించెను. ప్రయాణికుల రుసుముతోగాక టపా రాబడితో నడచుచున్న బండ్లు అంతటితో నిలిచిపోయెను. 1971 లో దూరపు రైళ్లలో మిగిలినవానిలో చాలభాగమును ఆమ్‌ట్రాక్ అను సంస్థకు అప్పగించిరి.

రైలుపెట్టెల కర్మాగారము ఎడతెగని ఆర్డర్లతో జీవించునది. అచ్చులు, పనిముట్లు, నమూనాలు సిద్ధపఱచుటకగు వ్యయము పది పెట్టెలకైనను వేయి పెట్టెలకైనను ఇంచుమించుగా నొక్కటే. మనకు తెలిసిన పెరంబూరు కర్మాగారమును చూడుడు. 1955 లో స్విట్జర్లాండువారి సహాయముతో ఆరంభమై మొదట పెట్టె పెంకును మాత్రమే చేయుచుండెను. 1962 నుండి లోపలి యమరికయు నచ్చటనే జరుగుచున్నది. కొనువాడొక్కడే, అవసరము నిత్యము. కనుక విద్య పెరిగెను. అమెరికాలో నొక్కొక్క నగరము తన సొరంగముల కొలతకు తగిన వేఱు నమూనాను కోరును. ఒకయేడు వందల పెట్టెలు, పిదప కొన్నియేండ్లు శూన్యము. ఆ వ్యవధిలో నేర్పుగల పనివాడు వేఱు కొలువు వెదకికొనిపోవును. వాడు తిరిగి రాడు.

పుల్మన్‌వారు న్యూయార్కునకు చేసిన 754 భూగర్భ పెట్టెలలో చక్రములను మోయు చట్రములు పగుళ్లిచ్చెను. ఆ చట్రములు వేఱొక కంపెనీ చేసినవైనను వ్యాజ్యము పుల్మన్‌వారిని కూడ చుట్టుకొనెను. ఆమ్‌ట్రాక్‌నకు చేసిన రెండంతస్తుల పెట్టెలతో 1981 లో వారి ప్రయాణికశకట నిర్మాణము ముగిసెను. కడపటి పెట్టెకు జార్జి పుల్మన్ పేరే పెట్టిరి. బడ్ కంపెనీ 1978 లో జర్మనుల చేతిలోపడి 1987 లో నీ పని చాలించెను. తరువాత అట్టి రెండంతస్తుల పెట్టెలే కావలసివచ్చినప్పుడు వానిని కెనడా దేశపు బొంబార్డియర్ కంపెనీ నిర్మించెను.

ప్రభుత్వము చూచుచు నూరకుండలేదు. కేంద్రధనముతో కొను నగర రైలుపెట్టెలను స్వదేశముననే కూర్పవలెననియు, భాగముల విలువలో నిర్ణీతాంశము స్వదేశీయముగా నుండవలెననియు శాసించెను. 2020 నుండి ఆ యంశము నూటికి 70. అందుచేత జపాను కవాసాకి నెబ్రాస్కాలోను, జర్మను సీమెన్స్ కాలిఫోర్నియాలోను, ఫ్రాన్సు ఆల్‌స్టమ్ న్యూయార్కు రాష్ట్రములోను కర్మాగారములను నెలకొల్పెను. కూలి అమెరికనులకు దక్కుచున్నది. కంపెనీ యాజమాన్యము మాత్రము పరదేశమున నున్నది. శాసనము పనివాని చేతిని కాపాడెను గాని, కోల్పోయిన విద్యను తిరిగి తేలేకపోయెనని మా తలంపు.

ఆ విద్య యెంత దుర్లభమో ఇల్లినాయి రాష్ట్రములోని రోషెల్ పట్టణము చూపినది. జపాను కంపెనీ యగు నిప్పన్ షార్యో 2012 లో నచ్చట కర్మాగారమును తెఱచి, 130 రెండంతస్తుల పెట్టెలకు ఆర్డరు పొందెను. పెట్టె రెండు కొనలనుండి నొక్కబడినను 8,00,000 పౌనుల బలమునకు వంగకుండవలెనని అమెరికా నియమము. 2015 లో మాదిరి పెట్టె ఆ పరీక్షకు నిలువలేదు. కడకు ఆర్డరు సీమెన్స్‌కు పోయెను. 2018 లో కర్మాగారము మూతపడెను. ఊరివారు దానిని నమ్ముకొన్నది ఆఱేండ్లు మాత్రమే.

పుల్మన్ పట్టణమున గడియారపు గోపురముగల పాతభవనము నేడు ప్రభుత్వ సంరక్షణలోనున్న ప్రదర్శనశాల. అచ్చటికి కొద్దిమైళ్ల దూరముననే చీనా ప్రభుత్వ కంపెనీ 2019 లో తెఱచిన కర్మాగారమున చికాగో నగరపు క్రొత్త పెట్టెలు కూర్పబడినవి. వాని పెంకులు ఓడలమీద చీనానుండి వచ్చినవి.