డాబా మీద గదికి రేకులు వేయిస్తున్నారా? రంగు ఎంచుకునే ముందు రేకు కింద ఏముందో చూడండి..

డాబా మీద ఒక గది. పిల్లల చదువుకో, అద్దెకో, పెద్దబ్బాయి పెళ్లయ్యాక ఉండటానికో.. కోస్తా ఊళ్లలో ఏ వీధిలో చూసినా ఇలాంటి గదులే. గోడలు లేస్తాయి, ఇనుప పైపులు వెల్డింగ్ చేస్తారు, ఆ తర్వాత రేకుల షాపుకెళ్తారు. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న.. 'ఏ రంగు కావాలి సార్, నీలమా, ఎరుపా?'

అసలు సమస్య అక్కడే మొదలవుతోంది. రంగు, రేటు చూసుకుని రేకు తెచ్చేస్తారు. మొదటి ఎండాకాలంలో మధ్యాహ్నం ఆ గదిలో కూర్చోలేరు. చలికాలం తెల్లవారుజామున వాన లేకపోయినా పైనుంచి చుక్కలు పడతాయి. తుపాను హెచ్చరిక వస్తే ఆ గదిలో పడుకోవడానికే భయం. రేకు మంచిదే కావచ్చు. కానీ ఇంటి పైకప్పు అంటే రేకు ఒక్కటే కాదు. దాని కింద వేసే పలక, మధ్యలో వదిలే గాలి సందు, వేడిని ఆపే పొర, బిగించే స్క్రూ.. అన్నీ కలిస్తేనే కప్పు.

సీమలో మిద్దె.. కోస్తాలో పెంకుటిల్లు.. ఎందుకలా?

పాత ఇళ్లు చూస్తే చాలా విషయం అర్థమవుతుంది. రాయలసీమలో మందపాటి మట్టి మిద్దెలు కట్టుకున్నారు. కోస్తాలో తాటాకు ఇళ్లు, పెంకుటిళ్లు వేసుకున్నారు. దొరికే సామాను ఒక కారణమైతే, వాతావరణం మరో కారణం.

పొడి వాతావరణంలో పగలు ఎంత మండినా రాత్రికి గాలి చల్లబడుతుంది. మందపాటి మిద్దె పగటి వేడిని పట్టి ఉంచి, రాత్రి నెమ్మదిగా వదిలేస్తుంది. కోస్తాలో అలా కుదరదు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వేసవి రాత్రుళ్లు కూడా పెద్దగా చల్లబడవు. అందుకే ఇక్కడి కాంక్రీటు స్లాబు పగలంతా తాగిన వేడిని సరిగ్గా మనం పడుకునే వేళకు గదిలోకి వదులుతుంది. ఫ్యాన్ వేస్తే వేడిగాలి కొట్టేది ఇందుకే.

అంటే ఉక్కపోత ప్రాంతంలో కప్పు మూడు పనులు చేయాలి. వేడిని లోపలికి రానివ్వకూడదు. తడిస్తే త్వరగా ఆరిపోవాలి. గాలికి ఎగిరిపోకూడదు. ఏ మెటీరియల్ ఎంచుకున్నా ఈ మూడు ప్రశ్నలతోనే చూడాలి.

వాన లేదు.. అయినా రేకు కారుతోంది!

చాలామంది దీన్ని లీకేజీ అనుకుని స్క్రూల చుట్టూ సీలెంట్ పూయిస్తుంటారు. నిజానికి అది బయటి నీరు కాదు, గదిలోని గాలి నుంచి వచ్చిన నీరే. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే రేకు తన వేడిని పైకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా మారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే రేకు అడుగున నీరు పడుతుంది.

లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే.. 26 డిగ్రీల దగ్గరకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా నీరు పట్టడం మొదలవుతుంది. అంటే తేడా నాలుగు డిగ్రీలే! ఏసీ గదిలో ఫాల్స్ సీలింగ్ ఆ మాత్రం చల్లబడటం పెద్ద విషయమేమీ కాదు. అప్పుడు పైనున్న తేమ గాలి సందుల్లోంచి దిగి సీలింగ్ వెనక నీరుగా మారుతుంది. బూజు, నల్ల మచ్చలు, తుప్పు.. అన్నీ కంటికి కనిపించని చోటే పెరుగుతాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. చలి దేశాల పద్ధతిలో తేమను ఆపే షీటును ఇన్సులేషన్‌కు లోపలి వైపు, అంటే గది వైపు వేస్తారు. ఏసీ వాడే ఉక్కపోత ప్రాంతంలో తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. కాబట్టి ఆ షీటు పై వైపే ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికిన విదేశీ వీడియో చూసి తిరగేసి వేయిస్తే తడి లోపలే చిక్కుకుపోతుంది.

రేకు కింద ఏం వేయొచ్చు?

ఏమీ వేయకుండా పైపుల మీద నేరుగా రేకు: ఖర్చు తక్కువ, తడిసినా త్వరగా ఆరిపోతుంది. వాహనాల షెడ్డుకు, సామాన్ల గదికి, బట్టలారేసే చోటుకి ఇది చాలు. మనుషులు పడుకునే గదికి మాత్రం కాదు. ఎండకు రేకు 60 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడి నేరుగా తల మీదకే దిగుతుంది.

ప్లైవుడ్: ఫామ్‌హౌస్‌లు, విల్లాల్లో షింగిల్స్ వేసేటప్పుడు కింద ఎక్కువగా వాడేది ఇదే. తేలిక, మేకు బాగా పడుతుంది. కానీ మామూలు ఫర్నిచర్ ప్లైవుడ్ కోస్తా తేమకు పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ మాత్రమే అడగాలి. అది కూడా నీళ్లలో పడేసినా ఏమీ కాదనే భరోసా కాదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే కుళ్లు మొదలవుతుంది. కోసిన అంచులకు తప్పకుండా సీలర్ పూయాలి. షీటుకూ షీటుకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. లేదంటే వర్షాకాలంలో ఉబ్బి పైకి లేస్తాయి. చెదల మందు విషయం కూడా ముందే మాట్లాడుకోవాలి.

సిమెంట్ ఫైబర్ బోర్డు: చెద పట్టదు, కుళ్లదు, మంట అంటుకోదు. తేమ ప్రాంతానికి మంచి ఎంపికే. అయితే బరువెక్కువ, పెళుసు కూడా. పైపుల మధ్య దూరం ఎక్కువైతే కుంగుతుంది, పని చేసేటప్పుడు మధ్యలో కాలు వేస్తే విరుగుతుంది. ఇది వేడిని పెద్దగా ఆపదు. కింద లేదా పైన ఇన్సులేషన్ విడిగా వేయాల్సిందే. కొనేటప్పుడు ఆస్బెస్టాస్ లేనిదే అని బిల్లు మీద రాయించుకోవాలి.

పఫ్ ప్యానెల్: రెండు రేకుల మధ్య గట్టి నురుగు ఉండే ప్యానెల్ ఇది. వేడిని ఆపడంలో దీనికి సాటి తక్కువ. 50 మిల్లీమీటర్ల పఫ్ ఆపే వేడి, లెక్క ప్రకారం దాదాపు 3 మీటర్ల మందం కాంక్రీటు ఆపేదానితో సమానం. రేకు, పలక, ఇన్సులేషన్ మూడూ ఒకే ముక్కలో వస్తాయి కాబట్టి పని కూడా త్వరగా అవుతుంది. లోపం ఏంటంటే నిప్పు. ఈ నురుగు మండితే విషపు పొగ వస్తుంది. వంటగది పైన వేస్తుంటే మంటను తట్టుకునే రాక్‌వూల్ ప్యానెల్ గురించి అడగడం మంచిది. కాకపోతే రాక్‌వూల్‌లోకి నీరు దిగితే పనితీరు పడిపోతుంది. జాయింట్లు పక్కాగా ఉండాలి.

వాలు స్లాబు మీద పెంకులు: మట్టి పెంకులు చదరపు మీటరుకు సుమారు 40 కిలోల బరువు పడతాయి. అందం కోసం చాలామంది స్లాబు మీద సిమెంట్ మాలు పరిచి పెంకులు అతికిస్తున్నారు. అలా అతికిస్తే పెంకు వేడి నేరుగా స్లాబుకు దిగుతుంది. అదే సన్న రీపర్ల మీద పేర్చి, కింద గాలి ఆడేలా సందు వదిలితే పెంకు గొడుగులా పనిచేస్తుంది. పెంకులు అవే, చల్లదనంలో మాత్రం తేడా వస్తుంది.

ఇళ్లలో కరెంటు ఆదా కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో కప్పుకు ఒక కొలమానం ఉంది. దాన్ని యూ విలువ అంటారు. కప్పు ఎంత వేడిని లోపలికి వదులుతుందో చెప్పే అంకె అది. తక్కువ ఉంటే మేలు. సంహిత ప్రకారం కప్పుకు 1.2 దాటకూడదు. ఏ ఇన్సులేషన్ లేని 6 అంగుళాల కాంక్రీటు స్లాబుకు అది మూడుకు పైనే ఉంటుంది. 'స్లాబు వేశాం కదా, ఇంకేం కావాలి' అనుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి.

రేకు కొనేటప్పుడు షాపులో ఏం అడగాలి?

మొదటిది మందం. 0.50 మిల్లీమీటర్లు అని చెబితే అది పూత, రంగు కలిపి చెప్పిన లెక్కా, లోపలి ఉక్కు మందమా అని అడగాలి. పూత తీసేస్తే ఉక్కు అంతకంటే పలుచగా ఉంటుంది. రెండు షాపుల రేట్లలో తేడాకు చాలాసార్లు ఇదే కారణం.

రెండోది పూత. మామూలు జీఐ రేకుకు జింక్ పూత ఉంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అల్యూమినియం, జింక్ కలిపిన పూత ఎక్కువ కాలం నిలుస్తుంది. ఏజెడ్ 150 అని ఉంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 150 గ్రాముల పూత ఉందని అర్థం. ఈ రేకుకు తడి సిమెంట్ తగలకూడదు. గోడ దగ్గర రేకును నేరుగా మాలుతో పూడ్చేస్తే పూత దెబ్బతిని అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

మూడోది రంగు. తెలుపు, లేత రంగులు ఎండను తిప్పికొడతాయి, ముదురు రంగులు తాగేస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే. 600 గజాల లోపు స్థలంలోని ఇళ్లకు అది తప్పనిసరి కాకపోయినా, లేత రంగు ఎంచుకోవడానికి అదనపు ఖర్చేమీ ఉండదు. కాకపోతే దుమ్ము, నాచు పడితే తెలుపు పనిచేయదు. ఏటా వేసవికి ముందు ఒకసారి కడిగించాలి.

ఇక సిమెంట్ రేకుల సంగతి. వీటిలో ఆస్బెస్టాస్ ఉంటే అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ రేకులు ఇప్పటికీ అమ్ముతున్నారు. కోసినప్పుడు, రంధ్రాలు వేసినప్పుడు, పగిలినప్పుడు లేచే దుమ్ముతోనే అసలు ముప్పు. పాత రేకులు ఉంటే పగలగొట్టొద్దు, పొడిగా రుద్దొద్దు. తీయాల్సి వస్తే తడిపి, మాస్కులు వేసుకుని, ముక్కలు కాకుండా దించాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

గాలికి బరువు లెక్క కాదు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఎయిర్‌పోర్టు టెర్మినల్ పైకప్పే దెబ్బతింది. ఇక మామూలు రేకుల గది సంగతి చెప్పాల్సిన పనిలేదు.

గాలి భారాన్ని లెక్కించే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖ, విజయవాడలకు ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు అది 44 మీటర్లు. 50 మీటర్ల వేగంలో గాలి పీడనం చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానం. అదే చదరపు మీటరు రేకు బరువు ఐదు కిలోలు కూడా ఉండదు. గాలి రేకును కిందకి నొక్కదు, పైకి పీకుతుంది. మూలలు, అంచులు, రిడ్జ్ దగ్గర ఈ లాగుడు మరీ ఎక్కువ.

అందుకే రేకు మీద ఇటుకలు, ఇసుక బస్తాలు పెట్టడం రక్షణ కాదు. పెద్ద గాలికి ఆ ఇటుకే వీధిలో ఎవరి తల మీదో పడుతుంది. కావాల్సింది రబ్బరు వాషర్ ఉన్న మంచి స్క్రూలు, అంచుల్లో, మూలల్లో దగ్గర దగ్గరగా. రేకు పైపుకు, పైపు గోడకు, గోడ కింది స్లాబుకు గట్టిగా పట్టి ఉండాలి. పైపును గోడ మీద ఊరికే పెట్టి సిమెంట్ పూసేస్తే కప్పు మొత్తం ఒకే ముక్కగా లేచిపోతుంది. వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ జింక్ ప్రైమర్ మళ్లీ పూయించాలి.

మరి ఏది ఎంచుకోవాలి?

పడుకునే గది, ఏసీ లేదు: లేత రంగు రేకు, దాని కింద కనీసం అంగుళం గాలి సందు, మెరిసే ఫాయిల్ ఉన్న ఇన్సులేషన్, కింద సీలింగ్ బోర్డు. చూరు దగ్గర గాలి లోపలికి వచ్చే దారి, పైన రిడ్జ్ దగ్గర బయటికి పోయే దారి ఉండాలి. ఫాయిల్ రేకుకు అతుక్కుపోతే పనిచేయదు, సందు ఉంటేనే పనిచేస్తుంది.

ఏసీ పెట్టే గది: సందులన్నీ మూసిన పఫ్ లేదా రాక్‌వూల్ ప్యానెల్. జాయింట్లకు టేపు, సీలెంట్ తప్పనిసరి.

షింగిల్స్ వేయాలనుకుంటే: సిమెంట్ ఫైబర్ బోర్డు లేదా మెరైన్ ప్లైవుడ్, దాని మీద వాటర్‌ప్రూఫ్ పొర, కింద గాలి ఆడే ఏర్పాటు.

సముద్రానికి దగ్గరగా ఉంటే: ఏది వేసినా స్క్రూలు, క్లాంపులు తుప్పు పట్టనివే ఉండాలి. రేకు ఇరవై ఏళ్లు నిలిచేదైనా, స్క్రూ ఐదేళ్లకే తుప్పు పడితే ఆ కప్పు ఆయుష్షు ఐదేళ్లే.

పని మొదలుపెట్టే ముందు రెండు విషయాలు మర్చిపోవద్దు. కింది స్లాబు ఈ బరువు మోయగలదా అని ఇంజినీర్‌తో ఒకసారి చూపించుకోవాలి. అదనపు గదికి మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

డబ్బులు సరిపోకపోతే? చాలామంది ఖరీదైన రేకు కొని ఇన్సులేషన్ 'తర్వాత చూద్దాం' అంటారు. రేకు బిగించేశాక పైన పొర వేయాలంటే మళ్లీ అంతా విప్పాల్సిందే. అవసరమైతే గది సైజు రెండడుగులు తగ్గించుకోండి, ఫ్లోరింగ్ టైల్స్ వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. స్క్రూలు, ఇన్సులేషన్ మాత్రం వాయిదా వేయొద్దు. టైల్స్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మే నెల మధ్యాహ్నం, తుపాను రాత్రి ఆ గదిలో ఉండేది మీ ఇంట్లోవాళ్లే.