సాఫ్ట్ కోరల్స్: ఇంట్లో పగడాలు పెంచుతున్నారా..? ముందు చూసుకోవాల్సింది పగడాన్ని కాదు, నీటిని!

రీల్స్‌లో నీలం లైట్ కింద మెల్లగా ఊగుతూ కనిపించేవి పువ్వులు కాదు, మొక్కలు అంతకన్నా కాదు. అవి ప్రాణమున్న జంతువులు. వాటినే సాఫ్ట్ కోరల్స్ అంటారు, అంటే మెత్తని పగడాలు. ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టే వాళ్లకు షాపుల్లో ముందుగా చూపించేవి ఇవే. "వీటిని పెంచడం చాలా ఈజీ" అని కూడా చెబుతారు. అందులో సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే పగడం పోతుంది, డబ్బూ పోతుంది. ఒక్కోసారి ఇంట్లో వాళ్ల ఆరోగ్యానికే ముప్పు రావచ్చు. మరి ఏం చేయాలో చూద్దాం.

అసలు ఇవేం తింటాయి?

గట్టి పగడాలకు ఉన్నట్టు వీటికి రాయిలాంటి సున్నపు అస్థిపంజరం ఉండదు. అందుకే నీటి ప్రవాహానికి ఊగుతుంటాయి. వీటిలో చాలా రకాల ఒంట్లో కంటికి కనిపించని నాచు ఉంటుంది. అది వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. అంటే మీరు వేసే మేత కంటే లైట్, శుభ్రమైన నీరే వీటికి ముఖ్యం.

బీచ్ నీళ్లు, కల్లుప్పు వద్దు

వైజాగ్ బీచ్ నుంచి నాలుగు క్యాన్లు తెచ్చి పోస్తే సరిపోదా? సరిపోదు. ఒడ్డు దగ్గరి నీటిలో మురుగు, నూనె, సూక్ష్మక్రిములు ఉండొచ్చు. వంటింటి ఉప్పు కూడా పనికిరాదు. సముద్రపు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లాంటివి అందులో తగినంత ఉండవు. బోరు నీటిలో, కుళాయి నీటిలో క్లోరిన్, నైట్రేట్, లోహాలు రావొచ్చు. కాబట్టి ఆర్ఓ నీటిలో అక్వేరియం కోసం అమ్మే మెరైన్ సాల్ట్ కలపాలి. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పదనం ఉండాలి. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ తప్పనిసరి.

ట్యాంక్ నింపిన రోజే పగడం తెచ్చి పెట్టకండి. వ్యర్థాలను శుద్ధి చేసే బ్యాక్టీరియా రాళ్లలో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే పగడాల గురించి ఆలోచించాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే

ట్యాంక్‌లో నీళ్లు తగ్గగానే చాలామంది మళ్లీ ఉప్పునీళ్లే పోస్తారు. కానీ ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. 100 లీటర్ల ట్యాంక్‌లో 5 లీటర్లు ఆవిరైతే ఉప్పదనం 35 నుంచి దాదాపు 37కి చేరుతుంది. పైగా ఉప్పునీళ్లు పోస్తే అది అంతకంతకూ పెరుగుతూ పోతుంది. అందుకే తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్ఓ నీరే పోయాలి, అదీ రోజూ కొంచెం కొంచెంగా. ఉప్పునీళ్లు వాడాల్సింది పాత నీటిని తీసేసి మార్చినప్పుడే. వారానికి 10 శాతం నీరు మారిస్తే చాలు.

ఎండాకాలం.. అసలు పరీక్ష

ఈ పగడాలకు 24 నుంచి 26 డిగ్రీలు హాయిగా ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో గది ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. నీరు రోజుల తరబడి 30 డిగ్రీలు దాటితే లోపలి నాచును పగడం బయటికి వదిలేస్తుంది. అప్పుడు అది తెల్లగా పాలిపోతుంది. నీటి మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ నీరు త్వరగా ఆవిరవుతుంది. ఎండలు మండే ఊళ్లలో చిల్లర్ గానీ ఏసీ గానీ లేకుండా కష్టమే. ఆ ఖర్చు లెక్కేసుకున్నాకే ఈ సరదాలోకి దిగండి.

కరెంట్ పోతే ఇన్వర్టర్ మీద ముందు నడవాల్సింది లైట్ కాదు, నీటిని తిప్పే పంపు. ఒక రోజు వెలుతురు లేకపోయినా పగడం తట్టుకుంటుంది. ఆక్సిజన్ లేకపోతే కొన్ని గంటల్లోనే చేపలు, పగడాలు అన్నీ పోవచ్చు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ముడుచుకుంటే చచ్చిపోయినట్టు కాదు

పుట్టగొడుగు గొడుగులా ఉండే లెదర్ కోరల్ అప్పుడప్పుడు రోజుల తరబడి ముడుచుకుపోతుంది. పైన మైనం లాంటి పొర కడుతుంది. పాత చర్మాన్ని వదిలించుకోవడం అన్నమాట. ఆ పొర కొట్టుకుపోయేలా కాస్త ప్రవాహం ఉంటే చాలు, మళ్లీ విచ్చుకుంటుంది. కంగారుపడి మందులు పోయొద్దు. అయితే దుర్వాసన వస్తూ, ముట్టుకుంటే కరిగిపోతుంటే మాత్రం వెంటనే తీసేయాలి. లేదంటే నీరంతా పాడవుతుంది.

ఇంకో విషయం. చూడటానికి మెత్తగా ఉన్నా ఇవి గట్టిగానే పోట్లాడతాయి. లెదర్ కోరల్ లాంటివి పొరుగు పగడాల ఎదుగుదలను దెబ్బతీసే రసాయనాలను నీటిలోకి వదులుతాయి. అందుకే మధ్యలో ఖాళీ వదలాలి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి నెలకోసారి మార్చాలి. గ్రీన్ స్టార్ పాలిప్స్, జీనియా అయితే కలుపు మొక్కల్లా పాకిపోతాయి. వాటిని విడిగా ఉన్న రాయి మీద పెట్టడమే మంచిది.

వేడినీళ్లు పోశారో.. ఆసుపత్రే!

సాఫ్ట్ కోరల్స్‌తో పాటే షాపుల్లో అమ్మే రంగురంగుల జోయాంథిడ్స్‌తో చాలా జాగ్రత్త. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. 2018లో ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఓ ఇంట్లో ట్యాంక్ నుంచి పగడాన్ని తీసి శుభ్రం చేస్తుండగా విషం వెలువడింది. నలుగురు ఫైర్ సిబ్బంది సహా 10 మందిని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది.

అందుకే పగడం అంటుకున్న రాయిని ఎప్పుడూ మరిగించొద్దు, వేడినీళ్లు పోయొద్దు, బయట పెట్టి బ్రష్‌తో రుద్దొద్దు. చెయ్యి పెట్టే ముందు గ్లౌజులు, పగడాన్ని కోసేటప్పుడు కళ్లద్దాలు ఉండాలి. చేతి మీద గాయం ఉంటే ఆ రోజుకు ట్యాంక్ జోలికే వెళ్లొద్దు. ఆ తర్వాత జ్వరం, చలి, దగ్గు, ఆయాసం, నోట్లో ఇనుము రుచి లాంటివి అనిపిస్తే గదిలోంచి అందరూ బయటికి వచ్చేయండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, పగడం ముట్టుకున్నామని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

కొనే ముందు చట్టం తెలుసుకోండి

మన దేశంలో గట్టి పగడాలు, సీ ఫ్యాన్స్, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని షెడ్యూల్ 1 రక్షణలో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. సముద్రం నుంచి కోసి తెచ్చి అమ్మితే జైలుశిక్ష తప్పదు. ఏది ఏ రకమో కొత్తవాళ్లు గుర్తుపట్టడం కష్టం. కాబట్టి పేరేంటి, ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగి, బిల్లు తీసుకున్నాకే కొనండి. కాగితాలు చూపించని చోట ఎంత చవకగా ఇచ్చినా వద్దనేయండి.

మొత్తానికి ఉప్పదనం, వేడి, శుభ్రత.. ఈ మూడూ రోజూ ఒకేలా ఉంటే మెత్తని పగడం తనంతట తానే పెరుగుతుంది. రోజుకు పది నిమిషాలు కేటాయించలేం అనుకుంటే మాత్రం, దాన్ని రీల్స్‌లో చూసి ఆనందించడమే మేలు.