తీరని ఆకలి: ప్రాడర్-విల్లీ సిండ్రోము గల బిడ్డలు

మన యిండ్లలో ప్రేమకు మరియొక పేరు అన్నము. గడప దాటి వచ్చిన చుట్టమును మనము మొట్టమొదట అడుగునది భోజనమైనదా అనియే. బిడ్డ యింకొక ముద్ద తిన్నచో తల్లి కడుపు నిండును. పండుగనాడు పొరుగింటి పిల్లవాని చేతిలో ఒక అరిసె యైనను పెట్టక పంపినచో ఇంటి మర్యాదకే లోపమని తలంతుము. ఇట్టి యింట, ఎంత తినినను ఆకలి తీరని బిడ్డ పుట్టినచో ఆ తలిదండ్రులు పడు సంకటమెట్టిది? అడిగినంత పెట్టిన ప్రాణాపాయము, పెట్టకున్న లోకనింద. ప్రాడర్-విల్లీ సిండ్రోము అను అరుదైన స్థితి గల బిడ్డల యిండ్లలో అనుదినము జరుగునది ఈ సంఘర్షణమే.

సిండ్రోము అనగా ఒకే మూలము నుండి పుట్టి, కలిసి కనిపించు లక్షణముల సముదాయము. 1956లో స్విట్జర్లాండు దేశపు జూరిచ్ నగరమున ఆండ్రియా ప్రాడర్, అలెక్సిస్ లాబ్‌హార్ట్, హైన్రిచ్ విల్లీ అను మువ్వురు వైద్యులు దీనిని వర్ణించిరి. వారిలో ఇరువురి పేర్లు దీనికి నిలిచినవి. సుమారు 10,000 మొదలు 30,000 జననములకు ఒకటి చొప్పున ఇది కానవచ్చుచున్నది. ఆడ, మగ, జాతి, దేశము అను భేదము దీనికి లేదు.

దీని కారణము మిక్కిలి విచిత్రమైనది. మన క్రోమోసోములు 23 జతలు. ప్రతి జతలోను ఒకటి తండ్రి యిచ్చినది, ఒకటి తల్లి యిచ్చినది. చాలవరకు రెండు ప్రతులును పనిచేయును. కాని 15వ క్రోమోసోములోని ఒక చిన్న భాగమందు కొన్ని జన్యువులు తండ్రి ప్రతిలో మాత్రమే పనిచేయును. తల్లి ప్రతి మౌనము వహించును. ఒక దస్తావేజునకు రెండు నకళ్లుండి, ఒకదానికి మాత్రమే ముద్ర యున్నదనుకొందము. ముద్ర గల నకలు పోయినచో రెండవది చేతనున్నను చెల్లదు గదా! ఈ బిడ్డల విషయమున జరుగునదియు నట్టిదే. నూటికి 65 మొదలు 75 మందిలో తండ్రి ప్రతి నుండి ఆ భాగము తెగిపోయి యుండును. నూటికి 20 మొదలు 30 మందిలో 15వ క్రోమోసోములు రెండును తల్లి నుండియే వచ్చి యుండును. మిగిలిన కొలదిమందిలో ముద్రయందే దోషముండును. ఆ భాగమే తల్లి ప్రతి నుండి లోపించినచో కలుగునది వేరొక స్థితి. దానిని 1965లో హ్యారీ ఏంజెల్మన్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించెను.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఇది గ్రహణము చూచినందువలన కాని, గర్భిణి తిన్న తిండివలన కాని, పూర్వజన్మ పాపమువలన కాని వచ్చినది కాదు. మేనరికము దీనికి కారణము కాదు. తల్లిని గాని తండ్రిని గాని నిందించుట అన్యాయము. చాలవరకు ఇది యాదృచ్ఛికముగా కలుగును. మరల అదే దంపతులకు కలుగు అవకాశము సాధారణముగా నూటికి ఒకటికన్న తక్కువ. కొన్ని అరుదైన రకములలో మాత్రము ఆ అవకాశము హెచ్చు. కావున మరల సంతానమును కోరువారు జన్యువైద్యుని సలహా పొందుట మంచిది.

ఈ బిడ్డల కథ ఆకలితో ఆరంభము కాదు. ఆకలి లేమితో ఆరంభమగును. పుట్టినపుడు శిశువు గుడ్డబొమ్మవలె మెత్తగా వాలిపోవును. ఏడుపు సన్నము. పాలు పీల్చుటకు శక్తి చాలదు. కొందరికి గొట్టము ద్వారా పాలు పోయవలసి వచ్చును. నడక, మాట ఆలస్యమగును. రెండేండ్లు దాటిన పిదప బరువు పెరుగసాగును. మరికొన్ని యేండ్లకు, తరచుగా ఎనిమిదవ యేట ప్రాంతమున, తీరని ఆకలి బయలుదేరును. కడుపు నిండినదని తెలుపవలసిన సంకేతము మెదడులోని హైపోథాలమస్ అను భాగమున సరిగా అందదు. పైగా ఈ బిడ్డల కండరములు తక్కువ, శక్తివ్యయము తక్కువ. తోటి పిల్లలకు సరిపడు ఆహారమే వీరికి అధికమై కొవ్వుగా మారును. అదుపు లేనిచో మధుమేహము, శ్వాసబాధ, గుండెజబ్బు వెన్నంటును.

కనుక బిడ్డ రహస్యముగా తిండి తీసికొనినచో అది దొంగతనము కాదు, తిండిపోతుతనమును కాదు. దాహముతో నున్నవాడు నీటికై వెదకుటవంటిది. దండించుటవలన ఆకలి పోదు. నిపుణులు చెప్పు ఉపాయము వేరు: భోజనము ఎప్పుడో, ఏమిటో బిడ్డకు ముందే తెలియవలెను, వేళ తప్పరాదు, వేళ గాని వేళ దొరకునను ఆశకు తావీయరాదు. సందేహము లేనిచోట ఆందోళన తగ్గును. ఆశ లేనిచోట నిరాశ యుండదు. అందుకే కొందరు వంటింటికి తాళము వేయుదురు. చూచువారికి అది క్రూరముగా తోచును. కాని ఎదుట తిండి లేనపుడు దానితో పోరాడు శ్రమ ఆ బిడ్డకు తప్పుచున్నది. ఆ తాళము శిక్ష కాదు, విశ్రాంతి.

తిండిని బహుమానముగా ఎర చూపరాదు. అనుకొన్న క్రమము హఠాత్తుగా మారినచో ఈ పిల్లలు మిక్కిలి కలతచెంది కోపించుట కలదు. మార్పును ముందుగా చెప్పుట మేలు. మరియొక హెచ్చరిక: వీరికి నొప్పి తెలియుట తక్కువ, వాంతి యగుట అరుదు. అట్టి బిడ్డకు వాంతియైనను, కడుపు ఉబ్బినను తడవు చేయక వైద్యుని యొద్దకు కొనిపోవలెను. అదే సమయమున వీరి గుణములును మరువరాదు. చిన్నపిల్లలయెడ, జంతువులయెడ వీరిలో అనేకులు ఆప్యాయత చూపుదురు. బొమ్మల ముక్కలు జతపరచు ఆటలో కొందరు పెద్దలను మించుదురు.

రోగమూలమును తొలగించు చికిత్స లేదు గాని సాయపడు చికిత్సలు కలవు. రక్తపరీక్షచే, డి.ఎన్.ఎ.పై గల ముద్రను పరిశీలించి, నూటికి 99 మందికి పైగా నిర్ధారణ చేయవచ్చును. శైశవముననే తెలిసినచో స్థూలకాయమును ముందే అరికట్టవచ్చును. గ్రోత్ హార్మోను ఎత్తును, కండబలమును పెంచును. అమెరికాలో దీనికి 2000లో అనుమతి లభించెను. తీరని ఆకలిని తగ్గించు మొదటి మందునకు అచ్చటనే 2025లో అనుమతి యీయబడెను. 2021 నాటి మన దేశపు అరుదైన వ్యాధుల జాతీయ విధానమున ఈ సిండ్రోమునకు గ్రోత్ హార్మోను చికిత్స పేర్కొనబడినది. హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి., నిమ్స్ సంస్థలు కలిసి ఆ విధానము క్రింద ఒక కేంద్రముగా గుర్తింపబడినవి.

సుమారు 1680లో స్పెయిను రాజాస్థానమున, విపరీతమైన స్థూలకాయము గల ఆరేండ్ల బాలికను వింతగా చూపి, చిత్రపటము వ్రాయించిరి. ఆ పటము మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియములో నున్నది. ఆ బాలికది ఈ సిండ్రోమే కావచ్చునని కొందరు వైద్యుల ఊహ. వింతగా చూచు చూపు మనలో నేటికిని పూర్తిగా పోలేదు.

వైద్యులు చేయునది కొంత. చుట్టుప్రక్కల మనము చేయవలసినది చాల. ‘పాపము, పసివాడు, ఒక్క అరిసెకేమగును లెండి!’ అని మనము చాటుగా పెట్టినది ఆ తల్లి నెలల తరబడి నిలిపిన క్రమమును చెరచును. కావున అట్టి బిడ్డ మన యింటికి వచ్చినపుడు తల్లి నడుగక ఏమియు పెట్టకుందము. పెండ్లి పందిటిలో బంతి లేచువరకు ఆ బిడ్డను వేరొకచోట ఆడించుటకు ఒకరము పూనుకొందము. బడిలో ఉపాధ్యాయులు పుట్టినరోజున మిఠాయికి బదులు బొమ్మనో, రంగుపెన్సిలునో పంచవచ్చును. అన్నము పెట్టుట మనకు అలవడిన ప్రేమ. ఒక బిడ్డ మేలుకొరకు పెట్టక యుండుట మనము నేర్చుకొనవలసిన ప్రేమ.