కోళ్ల కొట్టంలో కింద ఏం పరచాలి? మన బండ, మన పొట్టు



నాటుకోళ్లు మొదలుపెట్టే రైతులు నన్ను ముందు జాతి గురించి అడుగుతారు, తర్వాత మేత గురించి అడుగుతారు. కింద నేల ఎట్లుండాలని అడిగేవాళ్లు తక్కువ. మందులు వాడకుండా కోళ్లు పెంచే మనకు మాత్రం ఆ నేలే సగం వైద్యం.

ఎందుకో చెప్తాను. పిల్లలకు వచ్చే కాక్సిడియోసిస్, అంటే రక్తపారుడు రోగం, రెట్టలో నుంచి పాకుతుంది. ఆ క్రిమి గుడ్లకు తేమ, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే దశకు వస్తాయి. నేల పొడిగా ఉంటే వాటి బలం తగ్గుతుంది. కంపెనీ మేతలో దీనికి మందు కలుపుతారు. మనం కలపం కాబట్టి నేలను పొడిగా పెట్టుకోవాల్సిందే.

ముందు నేల

నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఎక్కువ. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానొస్తే ఉబ్బి బురదవుతుంది. నెర్రెల్లో ఎలుకలు, పందికొక్కులు చేరితే వాటి వెంట పాములొస్తాయి. అందుకని రేగడి మీద నేరుగా కొట్టం వేయొద్దు. అడుగు ఎత్తు గరుసు పోసి, నీళ్లు చల్లి, గట్టిగా దిమ్మిస కొట్టండి. ఎర్రనేలల్లో ఇంత పని ఉండదు, చుట్టుపక్కల కంటే కాస్త ఎత్తు చేస్తే చాలు.

దాని మీద బండపరుపు వేసుకోగలిగితే ఇంకా మంచిది. బేతంచెర్ల బండ, కడప బండ మన దగ్గరే దొరుకుతాయి. ఇంటికి వేసేంత నున్నటి బండ అక్కర్లేదు. నునుపు బండ మీద పిల్లల కాళ్లు జారి పక్కలకు సాగిపోతాయి. గరుకుగా ఉన్న విరుగుడు ముక్కలే కోళ్లకు మేలు. సందులు పూడ్చి, వాకిలి వైపు ఐదడుగులకు ఒక అంగుళం వాలు పెట్టండి. పందికొక్కు తవ్వలేదు, కడిగితే నీళ్లు నిలవవు. కానీ ఉత్త బండ మీద కోళ్లను వదలొద్దు. అరికాళ్లు పుండ్లు పడతాయి. పైన పొట్టు ఉండాల్సిందే.

ఏ పొట్టు?

వరి ఊక: కేసీ కాలువ కింద వరి పండే ఊర్ల మిల్లుల్లో దొరుకుతుంది. తేలిక, తొందరగా ఆరుతుంది, గడ్డ కట్టదు. నా మొదటి ఓటు దీనికే.

బుడ్డల పొట్టు: మెట్ట ప్రాంతంలో అందరికీ అందుబాటులో ఉండేది ఇదే. బాగా పనిచేస్తుంది. అయితే వానకు తడిసిన పొట్టు, ముక్కవాసన వచ్చే పొట్టు ఊరికే ఇచ్చినా తేవద్దు. ఆ బూజు పీల్చిన పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, నోరు తెరిచి ఎగశ్వాస పెడతాయి. రెండు రోజులు ఎండబెట్టి, దుమ్ము చెరిగి వాడండి.

రంపపు పొట్టు: సన్నగా ఉంటే పిల్లలు మేత అనుకుని తింటాయి. ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు మందులుంటాయి, అది మన పొలానికి పనికిరాదు.

ఇసుక: తేమ తొందరగా ఆరుతుంది, కానీ ఎరువుగా మారదు.

జొన్న చొప్ప: పశువులకే చాలడం లేదు. మిగిలిన మొదళ్లుంటే రెండంగుళాల ముక్కలుగా నరికి ఊకలో కలపండి.

ఎంత మందం?

50 కోళ్లకు తలా రెండు చదరపు అడుగుల లెక్కన 100 చదరపు అడుగులు కావాలి. మూడంగుళాల మందానికి 70 నుంచి 100 కిలోల ఊక పడుతుంది. వానాకాలం, చలికాలం మెల్లగా పెంచుతూ ఆరంగుళాల దాకా పోవచ్చు. ఎండ 40 డిగ్రీలు దాటే మన ఏప్రిల్, మే నెలల్లో రెండంగుళాలకు తగ్గించండి. మందం పొట్టు లోపల కుళ్లుతూ వేడి పుట్టిస్తుంది. బయట ఎండ, కింద ఆవిరి రెండూ కలిస్తే కోళ్లు తట్టుకోలేవు.

వారానికి రెండుసార్లు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కలియతిప్పండి. నీళ్ల తొట్టి కిందే ఎక్కువ తడుస్తుంది. తొట్టిని కోడి వీపు ఎత్తులో వేలాడదీయండి. అక్కడ తడిసిన పొట్టును ఆ రోజే తీసేయండి. అక్టోబరు, నవంబరు వానల్లో ఇది మరీ ముఖ్యం.

పిడికిలి పరీక్ష

వీడియోలో చూపించినట్టు పిడికెడు పొట్టు తీసి గట్టిగా నొక్కి వదలండి. ఉండ కట్టి అట్లనే ఉంటే తేమ ఎక్కువ, కొత్త పొట్టు కలపండి. దుమ్ములా జారిపోతే మరీ పొడి, కాసిన్ని నీళ్లు చిలకరించండి. కొద్దిగా అంటుకుని విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. కొట్టంలోకి పోగానే కళ్లు మండితే పరీక్ష కూడా అక్కర్లేదు. అది అమోనియా ఘాటు. మనం ఒక నిమిషంలో బయటికొస్తాం, కోళ్లు రాత్రంతా దాన్నే పీలుస్తాయి.

చివరికి చేరేది పొలానికే

ఒక జట్టు కోళ్లు అయిపోయాక పొట్టంతా ఎత్తి నీడలో కుప్ప వేయండి. నీళ్లు, జీవామృతం చల్లి, రెండు వారాలకోసారి తిప్పుతూ రెండు నెలలు మాగనివ్వండి. పచ్చిదే చల్లితే మొక్క వేర్లు మాడతాయి. మాగిన ఎరువు తొలకరి దుక్కిలో వేసుకోవచ్చు.

అందుకే పొట్టు తెచ్చేముందు నేను రెండే చూస్తాను: నా కోడి దాని మీద పొడిగా పడుకుంటుందా, రేపు దాన్ని నా చేన్లో చల్లగలనా? రెండింటికీ అవును అనిపిస్తేనే బండెక్కిస్తాను.