వార్తల్లో పదం: బొటులినమ్ టాక్సిన్

ముడతలు పోగొట్టే ఇంజెక్షన్ ఏదైనా జనం నోట ‘బొటాక్సే’. నిజానికి అది ఒక కంపెనీ బ్రాండు. డిస్‌పోర్ట్, జియోమిన్, డాక్సిఫై కూడా ఆ కోవలోవే. అన్నింటిలోనూ ఉండేది బొటులినమ్ టాక్సిన్-ఎ. పాడైన డబ్బా ఆహారంలో ప్రాణాల మీదికి తెచ్చేది ఈ జాతి విషమే; ఇక్కడ వాడేది అత్యల్ప మోతాదు. నరం నుంచి కండరానికి సంకేతం మోసే అసిటైల్‌కోలిన్ విడుదలను ఇది ఆపుతుంది. కండరం ముడుచుకోదు, పైచర్మం సాఫీ అవుతుంది. కెనడాలో కంటి వైద్యురాలు జీన్ కరుథర్స్ 1987లో రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు దీన్ని వాడుతుంటే, కనుబొమల మధ్య గీతలు కూడా పోతున్నాయని బయటపడింది. 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ గీతలకు దీన్ని వాడేందుకు అనుమతించింది.

అసలు తికమకంతా యూనిట్ల దగ్గరే. అవే గీతలకు బొటాక్స్ 20 యూనిట్లు, డిస్‌పోర్ట్ 50, డాక్సిఫై 40. ఒక కంపెనీ యూనిట్ మరోదానితో సమానం కాదు. కాబట్టి ‘యూనిట్ ఇంతే’ అన్న ప్రకటన చూసి మురిసిపోకుండా, మొత్తం ఖర్చెంతో అడగాలి. ప్రభావం సాధారణంగా మూడు నాలుగు నెలలు. డాక్సిఫై కొందరిలో ఆరు నెలల దాకా. ఆవుపాల ప్రోటీన్ పడనివాళ్లకు డిస్‌పోర్ట్ ఇవ్వకూడదు. గర్భిణులు వాయిదా వేసుకోవడమే మేలు.

నన్నడిగితే బ్రాండు కన్నా సూది పట్టే చెయ్యి ముఖ్యం. మందు పక్క కండరానికి పాకితే రెప్ప వాలిపోతుంది. సర్దుకోవడానికి వారాలు పడుతుంది. నకిలీల బెడద సరేసరి. 2024లో అమెరికాలో నకిలీ బొటాక్స్‌తో కొందరు ఆసుపత్రి పాలయ్యారు. సీసా మీ ఎదుటే తెరవమనండి.