చలానా వచ్చిందా... ఫొటో చూశారా?

రాత్రి తొమ్మిదిన్నర. కంచంలో పెరుగన్నం కలుపుకుంటుండగా ఫోన్ టింగుమంది. రాంగ్ పార్కింగ్ చలానా. స్థలం అమీర్‌పేట. సమయం మంగళవారం ఉదయం 11.40.

'మంగళవారమా? ఆ రోజంతా నేను ఉప్పల్లో ఆఫీసులోనే ఉన్నానే!' అన్నాడాయన.

'మైత్రీవనం దగ్గర జిరాక్స్ కోసం ఆగానన్నారుగా?' అడిగిందావిడ.

'అది సోమవారం.'

'పోనీలెండి... ఆ కాస్త డబ్బుకి ఎందుకొచ్చిన తంటా. కట్టేసి ఊరుకోండి.'

ఆయనా సరేనన్నాడు. పదో తరగతి చదువుతున్న కూతురు మాత్రం ఫోన్ తీసుకుని చలానా ఫొటో తెరిచింది. 'నాన్నా, మన బండి ఎరుపు కదా... ఇది నలుపు!'

ఇలాంటి ముచ్చట ఏ ఇంట్లోనైనా జరగొచ్చు. చాలా ఇళ్లలో ఆ మూడో గొంతు ఉండదు. చలానా రాగానే ఫోన్లోనే డబ్బు కట్టేసి ఊపిరి పీల్చుకుంటాం. పోలీసులు రాశారంటే అది తప్పకుండా నిజమే అయ్యుంటుందనీ, కాకపోయినా చేయగలిగిందేమీ లేదనీ మన నమ్మకం. ఆ రెండూ నిజం కాదు.

ముందు ఆ మెసేజ్ సంగతి చూడాలి. చలానా పేరుతో వాట్సప్‌లో ఏపీకే ఫైల్ పంపి, దాన్ని తెరవగానే ఖాతా ఊడ్చేసే మోసగాళ్లున్నారు. అందుకే మెసేజ్‌లోని లింకు నొక్కకూడదు. డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగిసే అధికారిక ఈ-చలానా వెబ్‌సైట్‌ని విడిగా తెరిచి, బండి నంబరు కొట్టి చూసుకోవాలి. అక్కడ లేదంటే ఆ మెసేజ్ నమ్మొద్దు. ఇప్పటికే మోసపోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

చలానా తీర్పు కాదు

చలానా అంటే శిక్ష అనుకుంటారు చాలామంది. అది ఆరోపణ మాత్రమే. మోటారు వాహనాల చట్టం-1988లోని 200వ సెక్షన్ కొన్ని చిన్న నేరాల్ని కోర్టుదాకా పోకుండా డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలిచ్చింది. మనం ఫోన్లో కట్టేది ఆ రాజీ సొమ్మే. కట్టగానే వ్యవహారం అక్కడితో ముగిసిపోతుంది, ఇక దాని మీద ఎలాంటి చర్యా ఉండదు. మనవైపు నుంచీ ముగిసినట్టే! కట్టేసిన తర్వాత 'అసలు ఆ బండి నాది కాదు' అంటే వినిపించుకునేవాళ్లు తక్కువ. అందుకే అభ్యంతరం ఏదున్నా కట్టకముందే చెప్పాలి.

ఎంత కట్టాలన్నది రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది. కేంద్ర చట్టంలోని 177వ సెక్షన్ కింద ఒకప్పుడు మొదటిసారికి గరిష్ఠంగా 100 రూపాయలే. 2019 సవరణతో అది 500 అయింది, మళ్లీ చేస్తే 1500 దాకా. ఆఫీసుకు బండి మీద వెళ్లేవాడికి అది పెద్ద లెక్కగా అనిపించకపోవచ్చు. బండే బతుకుతెరువైన డెలివరీ కుర్రాడికి మాత్రం ఒక్క చలానా అంటే ఒక పూట కష్టం.

ఆ ఫొటోలో ఏం చూడాలి?

తెలంగాణ ఈ-చలానా సైట్లో బండి నంబరు ఇస్తే ఒక పట్టిక వస్తుంది. తేదీ, సమయం, స్థలం, ఏ స్టేషన్ పరిధి, ఏం తప్పు, ఎంత జరిమానా... పక్కనే ఫొటో ఉంటుంది. అందరూ చూసేది మొత్తాన్ని. చూడాల్సింది ఫొటోని.

మొదట నంబరు ప్లేటుని పెద్దది చేసి చూడాలి. 8కీ 3కీ తేడా తెలియకపోవడం, బురద కింద ఒక అంకె దాక్కోవడం మామూలే. హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. 2014కి ముందు బండ్లు ఏపీ, ఆ తర్వాతవి టీఎస్, 2024 మార్చి నుంచి వచ్చినవి టీజీ. ఏపీ 09 అయినా టీఎస్ 09 అయినా ఖైరతాబాద్‌లో రిజిస్టరైన బండే. ముందున్న రెండక్షరాలు తారుమారైతే చాలు, ఎవరి చలానానో మరొకరి గుమ్మం ముందు వాలుతుంది. తర్వాత బండి మోడల్, రంగు, అద్దాలు, సీటు కవర్ చూడాలి. ఆ తర్వాత చుట్టుపక్కల దుకాణాల బోర్డులు. చలానాలో రాసిన స్థలం, ఫొటోలో కనిపిస్తున్న స్థలం ఒకటేనా?

కెమెరాలతో రాసే చలానాల గురించి 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ అనే నిబంధన తెచ్చింది. 132 నగరాల్ని దృష్టిలో పెట్టుకుని తెచ్చిన ఆ నిబంధన, తప్పు జరిగిన పదిహేను రోజుల్లోగా నోటీసు పంపాలంది. తప్పూ నంబరు ప్లేటూ స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ కిందకు వస్తుందో అందులో ఉండాలంది. అనుమతిలేని చోట బండి ఆపడాన్నీ ఆ జాబితాలో చేర్చింది. నిబంధనలకు సవరణలు వస్తుంటాయి కాబట్టి, జవాబు చెప్పడానికి ఎన్ని రోజులన్నది మాత్రం చేతికొచ్చిన నోటీసులో చూసి అదే లెక్క వేసుకోవాలి.

'బోర్డు లేదండీ' అంటే సరిపోదు

ఇక అసలు గొడవ. బండి మనదే, స్థలమూ అదే. కానీ అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు! కోఠీలో, ఆబిడ్స్‌లో, బెజవాడ బీసెంట్ రోడ్డులో రోజూ వినిపించే వాదన ఇది.

ఇది కొన్ని చోట్లే నెగ్గుతుంది. ఫుట్‌పాత్ మీద, కూడలి దగ్గర, మలుపులో, జీబ్రా గీతల దగ్గర, బస్టాపు దగ్గర, బడి లేదా ఆస్పత్రి గేటు ముందు, ఇప్పటికే ఆపి ఉన్న బండికి పక్కన మరో వరుసగా... ఇలాంటి చోట్ల బోర్డు ఉన్నా లేకున్నా బండి నిలపకూడదని డ్రైవింగ్ నిబంధనలే చెబుతున్నాయి. బోర్డు లేదని వాదించేవాళ్లలో చాలామంది బండి ఫుట్‌పాత్ మీదే ఉంటుందన్నది కూడా ఒప్పుకోవాలి. అలాంటప్పుడు కట్టేయడమే మర్యాద. ఆ ఫుట్‌పాత్ దిగి బస్సుల మధ్య నడిచిన ముసలాయనకి ఫిర్యాదు చేసుకునే సైటు కూడా లేదు.

ఇవేవీ కాని చోట, బోర్డు లేకుండా, ఉన్నా చెట్టుకొమ్మ చాటున పడి కనిపించకుండా ఉంటే మాత్రం వాదించొచ్చు. బోర్డు పెట్టే అధికారం 116వ సెక్షన్ నుంచి వస్తుంది. ఆ రోడ్డుని నో పార్కింగ్‌గా ప్రకటించిన ఉత్తర్వు నకలు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఖర్చు పది రూపాయలు, జవాబు ఇవ్వడానికి గడువు ముప్పై రోజులు. ఈలోగా రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా కనిపించేలా ఫొటోలు తీసి ఉంచుకోవాలి. అదీ వెంటనే. ఆలస్యమైతే కొత్త బోర్డు మొలవొచ్చు!

పెయిడ్ పార్కింగ్‌లో పెట్టి, డబ్బు కట్టి, చలానా తిన్నవాళ్ల బాధ వేరు. వాళ్లకి ఆ చిన్న చీటీయే ఆయుధం. టైము పడిన చీటీని బండి తీయగానే నలిపి పారేయడం మనకో అలవాటు. కొన్నాళ్లు పర్సులో ఉంచుకుంటే పోయేదేముంది?

బండే లేకపోతే?

కొన్నిసార్లు తిరిగొచ్చేసరికి చలానా కాదు, బండే ఉండదు. గుండె ఝల్లుమంటుంది. దొంగలెత్తుకెళ్లారా, క్రేన్ ఎత్తుకెళ్లిందా? దగ్గర్లోని ట్రాఫిక్ స్టేషన్లో అడిగితే తేలిపోతుంది. చట్టంలోని 127వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ నిషిద్ధమైన చోట ఉన్న బండినీ, పది గంటలకు పైగా దిక్కులేకుండా పడి ఉన్నదాన్నీ తరలించొచ్చు. అయితే ఆ పరిధిలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఉండాలి. క్రేన్ మీద కుర్రాళ్లు తమంతట తామే ఎత్తుకెళ్లడానికి లేదు. తరలింపు ఖర్చు యజమానిదే. దానికి రసీదు అడిగి తీసుకోవాలి. బండి తీసుకునేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయడం మర్చిపోవద్దు. ఇండికేటర్ విరిగిందన్న మాట ఇంటికొచ్చాక చెబితే ఎవరూ నమ్మరు.

నాలుగు వాక్యాలు చాలు

ఫిర్యాదుకి ఇంగ్లిష్ అక్కర్లేదు, పెద్ద భాషా అక్కర్లేదు. ఈ-చలానా సైట్లోనే తప్పుడు చలానాల మీద ఫిర్యాదు చేసే వీలుంది. కాదంటే చలానాలో ఉన్న పరిధినిబట్టి ఆ కమిషనరేట్ ట్రాఫిక్ విభాగంలో కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. మొదట చెప్పుకున్న ఇంటాయన ఇలా రాస్తే సరిపోతుంది:

'చలానాలో చూపిన తేదీన, ఆ సమయానికి నా బండి ఉప్పల్లోని మా ఆఫీసు పార్కింగ్‌లో ఉంది. గేటు రిజిస్టరు నకలు జతచేస్తున్నాను. నా బండి రంగు ఎరుపు. ఫొటోలోని బండి నలుపు. ఆర్సీ నకలు, బండి ఫొటో చూసి చలానా రద్దు చేయండి, నా నంబరుతో తిరుగుతున్న బండిని పట్టుకోండి.'

కోపం వద్దు, కథ వద్దు. పోలీసుల మీద వ్యాఖ్యానాలు అసలే వద్దు.

అడిగినా చలానా తీసేయకపోతే, విషయం కోర్టులో తేల్చుకుంటానని లిఖితపూర్వకంగా చెప్పే హక్కుంది. కేసు మెజిస్ట్రేట్ ముందుకు వెళ్తుంది. సమన్లు వస్తే పక్కన పడేయకూడదు. అక్కడ 'తప్పు చేయలేదు' అంటే నిరూపించే బాధ్యత ప్రాసిక్యూషన్‌ది. ఎలక్ట్రానిక్ ఫొటోకి సాక్ష్యంగా ధ్రువపత్రం కావాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ చెప్పేది అదే. లాయరు తప్పనిసరి కాదు. కావాలంటే మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కార్మికులు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా పొందొచ్చు. కాకపోతే ఒక రోజు సెలవు, ఆటో ఖర్చు, వాయిదాలు... ఓడిపోతే కోర్టు వేసే జరిమానా రాజీ సొమ్ము కంటే ఎక్కువే కావొచ్చు. బోర్డు దగ్గర తగువైతే ఇదంతా లెక్క వేసుకుని దిగాలి.

లోక్ అదాలత్‌నీ అప్పీలనుకుంటారు కొందరు. అది రాజీ. అక్కడ తేలినదానిపై మళ్లీ అప్పీలు ఉండదు. రాయితీల కోసం ఎదురుచూడటం కూడా అప్పీలు కాదు. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలానాలపై 75 శాతం, 2023 డిసెంబరులో మొదలైన మరో విడతలో 80 శాతం తగ్గించారు. తప్పు చేసినవాళ్లకి అది పండగే. చేయనివాళ్లు మాత్రం చేయని తప్పుని ఇరవై శాతం ధరకి ఒప్పుకున్నారు!

నలుపు బండి ఎవరిది?

మిగతావి ఎలా ఉన్నా ఈ ఒక్క సందర్భంలో మాత్రం కట్టేసి ఊరుకోకూడదు. ఫొటోలోని బండి మనది కాకుండా నంబరు మనదైతే సమస్య పార్కింగ్‌ది కాదు. ఎవరో మన నంబరు తగిలించుకుని ఊరంతా తిరుగుతున్నారు. రేపు ఆ బండితో గొలుసు తెంపినా, మనిషిని గుద్ది పారిపోయినా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మన ఇంటికే. ట్రాఫిక్ వాళ్లకే కాదు, ఇంటి దగ్గరి పోలీస్ స్టేషన్లోనూ ఫిర్యాదు ఇవ్వాలి.

అమ్మేసిన బండిదీ ఇదే కథ. 'ఆర్నెల్ల క్రితమే అమ్మేశానండీ' అంటారు. ఆర్సీలో పేరు మారిందా అంటే నీళ్లు నములుతారు. అదే రాష్ట్రంలో అమ్మితే పద్నాలుగు రోజుల్లోగా రవాణా అధికారులకు తెలపాలని 50వ సెక్షన్ చెబుతోంది. పేరు మారనంతవరకు రికార్డుల్లో ఉన్నవాడే యజమాని అని ఒక ప్రమాద పరిహారం కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. చలానాలు వచ్చిపడుతున్నాయంటే వెంటనే 29, 30 ఫారాల పని పూర్తిచేసుకోవాలి.

చలానా రద్దయినట్టు సైట్లో కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. దొంగ నంబరు కేసైతే, ముద్ర పడిన ఫిర్యాదు నకలు ఒకటి బండి సీటు కింద ఆర్సీతోపాటు పెట్టుకోవాలి. ఆ నలుపు బండి దొరికేదాకా చెకింగ్‌లో ఆపిన ప్రతిసారీ చూపించాల్సింది ఆ కాగితమే.